ఫా బాబాయ్ చెవి

కనబడిన ప్రతి వస్తువునీ నాణెంతో కొట్టి చూడందే ఫా బాబాయికి అన్నం సయించదు. మాటవరసకి అనడం లేదు. అన్నం గిన్నెని కూడా ముందు టిక్కుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడే తినే పుల్లలు అందుకునేవాడు.

ఆయన పూర్తి పేరు లియావ్ తియెన్-ఫా. ఫెంగ్‌యువాన్‌లో రైలు పట్టాల వెనక సందులో కార్బన్ సైకిల్ ఫ్రేములు బాగుచేసే కొట్టు ఆయనది. వయసులో ఉన్నప్పుడు ఫ్రేముల ఫ్యాక్టరీలో పొరలు పేర్చే పని చేసి, అక్కడి మేనేజరుగారి బల్లని కొట్టి చూసి "ఇది డొల్ల" అన్నందుకు బయటికొచ్చి సొంత కొట్టు పెట్టుకున్నాడని చెబుతారు. నేను ఆయన దగ్గర రంగులు వేసేదాన్ని. నా పేరు హుయి. విరిగిన ఫ్రేముని ఆయన అతికితే, ఆ అతుకు కనబడకుండా నేను రంగు వేసేదాన్ని. "నేను డాక్టర్ని, నువ్వు బ్యూటీ పార్లర్‌వి" అనేవాడు.

నాణెం కథ తెలియాలంటే ఫ్రేము కథ కొంచెం తెలియాలి. కార్బన్ ఫ్రేము చూడ్డానికి ఇనప గొట్టంలా ఉంటుంది గానీ, నిజానికి అది గుడ్డ. నల్లటి దారాల గుడ్డని జిగురుతో తడిపి, పొర మీద పొర వేసి, అచ్చులో పెట్టి వేడిచేస్తే గట్టిపడుతుంది. మొత్తం ఫ్రేముని చిటికెన వేలితో ఎత్తొచ్చు. పొరలన్నీ కలిసికట్టుగా ఉంటే, నాణెంతో తట్టినప్పుడు "టింగు" మంటుంది. లోపల ఎక్కడైనా పొరకీ పొరకీ చెడి విడిపోయిందనుకోండి, పైన రంగు పెళ్ళికొడుకులా మెరుస్తున్నా సరే, "బొద్దు" మంటుంది. మా వృత్తిలో అందరూ ఇలాగే తట్టి చూస్తారు. కాకపోతే కొట్టు కట్టేశాక అందరూ నాణెం జేబులో వేసుకుంటారు. ఫా బాబాయ్ వేసుకోడు. అంతే తేడా.

ఆ పది యువాన్ల బిళ్ళ మీద బొమ్మకి ముక్కు, చెవి, మెడ అన్నీ అరిగిపోయి చందమామలా తయారైంది. దాంతో ఆయన ఈ లోకం మొత్తాన్ని రెండుగా పంచేశాడు. టింగు, బొద్దు. వాన నీళ్ళ గొట్టం టింగు. కొత్తగా కట్టిన బస్టాండు బొద్దు. బావమరిది బొద్దు. ఎన్నికలప్పుడు ఓట్లడగటానికి వచ్చిన పెద్దమనిషి షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే, ఆయన చేతి గడియారం మీద తట్టి, మొహం చిట్లించి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషి గెలిచి కూడా మా సందులోకి మళ్ళీ రాలేదు.

పుచ్చకాయలమ్మే తు మావయ్యకి ఫా బాబాయ్ అంటే యముడే. కొనేది ఒక్క కాయ. కొట్టేది గుట్ట మొత్తం. కొట్టడంతో ఊరుకోడు, పైకి చదువుతాడు.

"బొద్దు... బొద్దు... ఇది పరవాలేదు... అయ్యో, ఇది చచ్చి చాలా రోజులైంది..."

వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళు సంచులు మడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. చివరికి తు మావయ్య అట్టముక్క మీద రాసి వేలాడదీశాడు: "అందరూ రావచ్చు. ఫా రాకూడదు."

బాబాయ్ ఆ అట్టముక్కని కూడా కొట్టి చూశాడు.

పళ్ళ డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. డాక్టరు నోరు తెరవమంటే ఈయన నాణెం తీసి, "ముందు మీరు తెరవండి. మీవి ఎలా ఉన్నాయో తెలియకుండా నావి మీకెలా అప్పజెప్పను?" అన్నాడట. యింగ్ పిన్ని, అంటే బాబాయ్ భార్య, ఆ రోజు ఆసుపత్రి నుంచి తలమీద గొడుగు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చింది. వాన లేదు.

అంతెందుకు, నా పెళ్ళి సంగతి చెబుతాను. నన్ను చేసుకుంటానన్న అబ్బాయిని ఒకసారి చూపించమని బాబాయ్ పట్టుబట్టాడు. అతను పాపం స్కూటర్ మీద వచ్చి ఇంకా దిగనైనా లేదు, నెత్తిమీద హెల్మెట్ ఉండగానే బాబాయ్ చకచకా వెళ్ళి టిక్ టిక్ టిక్ మని చుట్టూ కొట్టేశాడు.

"టింగు! చేసుకోవే హుయీ, కళ్ళు మూసుకుని చేసుకో!"

మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు, "నువ్వు చేసుకుంది నన్ను కాదు, నా హెల్మెట్‌ని" అని.

ఎర్రలైటు దగ్గర బాబాయ్ పక్కన నిలబడాలంటే నాకు భయం. ఎవరో ఒకరు మెరిసే బట్టలేసుకుని, ఖరీదైన సైకిల్ మీద ఒక కాలు ఆన్చుకుని నిలబడి ఉంటారు. బాబాయ్ స్కూటర్ మీంచి ఒరిగిపోయి వాళ్ళ ఫ్రేముని తట్టేస్తాడు.

"ఏయ్! ఏంటి పెద్దాయనా?"

"మీ ఫ్రేము బంగారంలా ఉంది. వెళ్ళిరండి."

"నేనడిగానా?"

"అడిగి ఉంటే ఇంకా శ్రద్ధగా కొట్టేవాణ్ణి."

ఇంత తిక్క మనిషి దగ్గరికి జనం ఎందుకొచ్చేవాళ్ళంటే, ఆయన చెవి తప్పు చెప్పదు. ఒకసారి ఒకాయన విరిగి అతికిన ఫ్రేముని కొత్తదని చెప్పి అమ్ముకోవాలనుకుని, కొనేవాళ్ళ ముందు ఒక్క "టింగు" అనండి చాలు, అని బాబాయిని బతిమాలాడు. బాబాయ్ ఆ ఫ్రేముతో సహా ఆయన్ని సందు చివరిదాకా నడిపించుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. "నా నోరు అబద్ధం ఆడుద్దేమో గానీ, నా చెవి ఆడదు" అన్నాడు. దేవుడి మీద కూడా ఆయనకి అంత నమ్మకం లేదు.

ఇక కొట్టులో నా బాధ ఒకటే. నేను రంగు కొట్టేటప్పుడు కంప్రెసర్ బర్రుమని మోగుతుంది. ఆయన నాణెం తీశాడంటే చాలు, "ఆపవే దాన్ని! చెవిలో రైలు పోతున్నట్టుంది!" అని కేకలు. రోజంతా ఆపడం, వేయడం, ఆపడం, వేయడం. నా రంగులు సగం రంగు చిమ్మే తుపాకీలోనే ఎండిపోయేవి.

మా సందు మొదట్లో లాన్ అక్క పొద్దుటి టిఫిన్ల బండి. సోయాపాలు, గుడ్డు దోసెలు, ముల్లంగి అట్లు. ఆవిడ కూతురు పెయ్-యున్. తెల్లారేసరికి తల్లికి పిండి కలిపిపెట్టి, సైకిలెక్కి కొండల మీదికి వెళ్ళి, టిఫిన్ల రద్దీ మొదలయ్యేలోపు తిరిగొచ్చి గిన్నెలు కడిగే పిల్ల. కాళ్ళలో మోటారు పెట్టుకుని పుట్టిందనేవాళ్ళం.

కానీ ఆ పిల్ల సైకిల్ చూస్తే ఏడుపొచ్చేది. అది వాళ్ళన్నది. వాళ్ళన్న కరెంటు స్తంభమంత పొడుగు. ఓడలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోతూ చెల్లెలికి ఇచ్చాడు. కార్బన్ ఫ్రేములు కొత్తగా వచ్చిన రోజుల్లోది. బరువు చూస్తే లోపల కాంక్రీటు పోశారేమో అనిపించేది. దానిమీద పెయ్-యున్ హ్యాండిల్ అందుకోవాలంటే నిచ్చెన మీంచి మామిడికాయ కోస్తున్నట్టు సాగాలి. అయినా అదే తొక్కేది.

ఎవరైనా ఏమైనా ఇస్తామంటే మాత్రం తల్లీకూతుళ్ళు ఊరికే పుచ్చుకోరు, బదులు తీర్చందే వదలరు. ఒకసారి నేను పాత టైరు ట్యూబొకటి ఊరికే ఇచ్చాను. మర్నాటినుంచి నా గుమ్మంలో సోయాపాలు ప్రత్యక్షం. వద్దన్నకొద్దీ పెద్ద చెంబులో వచ్చేవి. చివరికి నేను దణ్ణం పెట్టి, ఆ ట్యూబు నాకు దొరికింది, నాది కాదని ఒట్టేస్తే గానీ ఆగలేదు.

ఆ ఏడు శరదృతువులో పూలీ నుంచి వులింగ్ కనుమ దాకా కొండ పందెం ఎప్పట్లాగే పెట్టారు. ఈసారి ఒక కొత్త విశేషం. ఆడపిల్లల్లో మొదటి ముగ్గురినీ ఒక జట్టులోకి తీసుకుంటామని ప్రకటించారు. కోచ్ ఉంటాడు, వేరే దేశాల పందాలకి తీసుకెళతారు. తొలి ఏడాది మాత్రం సైకిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ వార్త వచ్చిన రోజు లాన్ అక్క దోసెలన్నీ మాడ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. మాడినవే తిన్నాం.

పందెం ఇంకా కొన్ని రోజులుందనగా పెయ్-యున్ బ్రేకులు బిగించుకోవడానికి కొట్టుకొచ్చింది. నేను వెనక గదిలో ముసుగేసుకుని రంగు కొడుతున్నాను. బాబాయ్ నాణెం తీయడం చూసి, అలవాటు ప్రకారం కంప్రెసర్ ఆపబోయాను.

"ఎందుకాపుతావు? నీ పని నువ్వు చేసుకో, పరవాలేదు" అన్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి అంత మర్యాదగా మాట్లాడేసరికి, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను గానీ ఇంకేమీ అనుకోలేదు.

ఆయన ఫ్రేమంతా తట్టుకుంటూ వెళ్ళి, పెడళ్ళ దగ్గర ఆగాడు. మళ్ళీ తట్టాడు. చెవి ఆనించాడు. మొహం వేలాడేశాడు.

"బొద్దు."

"ఏంటి బాబాయ్?" పెయ్-యున్ గొంతు కీచుమంది.

"లోపల పొర లేచిపోయింది. ఇదిగో, ఇక్కడ."

"ఏమీ కనబడట్లేదే!"

"కనబడేదైతే మీ అమ్మే చెప్పేది, నేనెందుకు?"

"ఆదివారం పందెం బాబాయ్!"

"తెలుసు. ఎక్కేటప్పుడు ఏం కాదు. దిగేటప్పుడు విరిగిందనుకో, లోయలోకి దిగి దాన్ని కొంత, నిన్ను కొంత ఏరుకోవాలి. ఇది ఇక్కడుంచు. పైన నాలుగు పొరలు చుట్టి, ఆరబెట్టి ఇస్తా."

"ఎప్పటికి?"

"ఆరినప్పటికి."

ఆ పిల్ల అక్కడే స్టూలు మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ముక్కుపుటాలు ఎగరేస్తూ గోడ వంక చూస్తూ కూచుంది. చూడలేక కంప్రెసర్ ఆపేసి బయటికొచ్చాను.

ఇప్పుడు రాణిగారి గురించి చెప్పాలి. కొట్టులో పైకప్పు నుంచి ఒక ఫ్రేము వేలాడుతుండేది, పట్టు దుప్పటి కప్పుకుని. అదే రాణిగారు. బాబాయ్ తన చేత్తో, తన కొలతకి, ఒక్కో పొరా చుట్టి చేసుకున్నది. ఆయన పొట్టివాడు కాబట్టి అదీ చిన్నదే. క్యాబేజీ పువ్వు కన్నా తేలిక. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రోజూ పొద్దున్నే దుప్పటి తీసి ఒక్కసారి తట్టి, ఆ టింగు విని, మళ్ళీ కప్పేసేవాడు. దానిమీద ఎప్పటికైనా వులింగ్ ఎక్కుతానని ప్రతి ఏడూ అనేవాడు. యింగ్ పిన్ని, "నాకు జ్వరమొస్తే కూడా అంత మంచి దుప్పటి కప్పలేదు" అనేది.

బాబాయ్ తల గోక్కున్నాడు. పైకి చూశాడు. మళ్ళీ గోక్కున్నాడు.

"ఏమే పిల్లా, నాకొక సాయం చేస్తావా?"

"నేనా?"

"అదుగో, దాని మీద నాకు మొదట్నుంచీ ఒక అనుమానం. ఇంట్లో బానే మోగుతోంది. కొండెక్కితే ఎలా ఉంటుందో తెలీదు. నేనెక్కి చూద్దామంటే మోకాళ్ళు సహకరించడం లేదు. నమ్మకమైన మనిషి ఎక్కి, దిగి, ఎలా ఉందో చెబితే... ఊరికే వద్దులే. తిరిగొచ్చాక ఎక్కడెక్కడ ఊగిందో వివరంగా చెప్పాలి. కష్టమైన పనే. చెయ్యలేనంటే చెప్పు, ఇంకొకళ్ళని చూసుకుంటా."

పెయ్-యున్ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"సాయమేగా బాబాయ్. చేస్తాను."

నా చేతిలో రంగు తుపాకీ కిందపడింది. రాణిగారిని బాబాయ్ స్వయంగా దించి, చక్రాలు, పెడళ్ళు బిగిస్తుంటే, వంటింట్లోంచి యింగ్ పిన్ని వచ్చింది. మెల్లగా వెళ్ళి ఆయన చేతిలో నాణెం లాక్కుని, ఆయన నుదుటి మీద టిక్ టిక్ మని కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అంది.

ఆదివారం మా కొట్టు నీలం ట్రక్కు నేను తోలాను. పక్కన బాబాయ్. వెనక తొట్టిలో లాన్ అక్క, సోయాపాల డబ్బా, గంటె. గంటె ఎందుకు అక్కా అంటే, "వాయించడానికి" అంది. అప్పటికే ఒక వాయించేవాడున్నాడు మాకు.

పూలీలో ఈల ఊదారో లేదో, గుంపు గుంపంతా తేనెటీగల్లా లేచింది. మేం ముందుకెళ్ళి ఒక మలుపు దగ్గర ఆగి చూడటం, వాళ్ళు దాటిపోగానే మళ్ళీ ఎక్కి తరమడం. మొదటి మలుపులో పెయ్-యున్ ఎక్కడో వెనకాల ఉంది. రెండోసారి చూసేసరికి మధ్యలో ఉంది. మనిషి మారిపోయింది! ఆ సాగడం లేదు, ఆ నిచ్చెన లేదు. సైకిలూ పిల్లా ఒకే ముక్కలో పోతపోసినట్టున్నారు. పెడలు తొక్కిన ప్రతిసారీ రాణిగారు గంతేసి ముందుకు దూకుతోంది.

"అమ్మడూ!" లాన్ అక్క తొట్టిలో నిలబడి గంటెతో ట్రక్కు నెత్తిన బాదుతోంది. "ఆ ఎర్ర చొక్కాది అలిసిపోయింది! తినెయ్ దాన్ని!"

ఎర్ర చొక్కా అమ్మాయి బిక్కచచ్చిపోయి పక్కకి తప్పుకుంది.

క్యాబేజీ తోటల్లో పనిచేసేవాళ్ళు కొడవళ్ళు పట్టుకునే రోడ్డు మీదికొచ్చి కేకలేస్తున్నారు. పైకెళ్ళే కొద్దీ పొగమంచు, చలి. బాబాయ్ మాత్రం నోరు విప్పడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ట్రక్కు తలుపుని టక టక టక టక కొడుతూనే ఉన్నాడు.

"బాబాయ్, తలుపు సొట్టపోతోంది."

"ఫ్రేము కిర్రుమంటోందేమిటే?"

"అది ఫ్రేము కాదు, నీ పళ్ళు. కిటికీ ఎత్తు."

కున్‌యాంగ్ అనే చోటికొచ్చేసరికి ముందు ముగ్గురు, వెనక పెయ్-యున్. మూడో అమ్మాయి కేకేస్తే వినబడేంత దూరంలో ఉంది. అక్కడ రోడ్డు ఒక్కసారి కిందికి జారి, ఆ తర్వాత గోడలా లేస్తుంది. ఆ గోడ ఎక్కితే వులింగ్. మేం ముందే పైకెళ్ళి ముగింపు గీత దగ్గర నిలబడ్డాం. మంచులోంచి ఏమీ కనబడదు. కింద జారుడు మొదలయ్యే చోట మాత్రం మంచులో ఒక చిన్న కంత.

"ఎప్పుడూ దిగేటప్పుడు బ్రేకులు పట్టేస్తుంది మా పిల్ల," లాన్ అక్క గొణిగింది. "ఆ పెద్ద సైకిలు ఊగుద్దని భయం."

ఆ కంతలోంచి పెయ్-యున్ వచ్చింది. బ్రేకు పట్టలేదు! తల హ్యాండిల్ మీద ఆన్చి, మోచేతులు ముడిచి, విసిరిన రాయిలా వచ్చింది. ఆ ఊపుతోనే గోడ సగం ఎక్కేసింది. మూడో అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, హడలి, లేచి నిలబడి తొక్కింది. ఈ పిల్లా లేచింది. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ, నోళ్ళు తెరుచుకుని, పాములా అటూ ఇటూ మెలికలు తిరుగుతూ వస్తున్నారు. లాన్ అక్క అరవడం మానేసి నా చెయ్యి కొరుకుతోంది. నాకు నొప్పి కూడా తెలియడం లేదు.

గీత మీదికి ఇద్దరూ ఒకేసారి వచ్చారు. ఎవరు ముందో మాకు తెలియదు. ఎవరికీ తెలియదు. జెండా ఆయన ఇంకొకాయనతో మాట్లాడాడు. ఆయన మూడో ఆయనతో మాట్లాడాడు. ముగ్గురూ కలిసి ఫొటో చూశారు. మేం ముగ్గురం ఆ ముగ్గుర్నీ చూశాం.

మూడో స్థానం పెయ్-యున్‌ది. సగం టైరు తేడా!

బాబాయ్ రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు. ఆ ఎగరడంలో నాణెం ఎక్కడో లోయలోకి పోయింది. ఆయన చూసుకోనైనా లేదు. లాన్ అక్క కనబడినవాళ్ళందరికీ సోయాపాలు పోస్తోంది. ఎర్ర చొక్కా అమ్మాయికి రెండుసార్లు పోసింది, పాపం తిట్టినందుకు.

"ఎక్కడెక్కడ ఊగింది?" అన్నాడు బాబాయ్, గీత దాటి రోడ్డు మీదే వాలిపోయిన పెయ్-యున్ లేచి కూచోగానే.

"ఎక్కడా ఊగలేదు బాబాయ్."

"సరిగ్గా చూసుండవు. ఒకసారి ఎక్కితే తెలీదు. ఇంకా కొన్నాళ్ళు తొక్కి చూడాలి."

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ తర్వాతి వారం జట్టు మెకానిక్కు వచ్చాడు. కో అనే కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. జట్టులో చేరిన పిల్లల సైకిళ్ళు ఒకసారి చూసుకోవాలట. వెంట ఒక యంత్రం తెచ్చుకున్నాడు. ఫ్రేము మీద దాన్ని జరుపుకుంటూ పోతే లోపలి పొరలన్నీ తెర మీద కనబడతాయి. రాణిగారి మీద జరిపి, నోరెళ్ళబెట్టి, "ఇది చేసినాయన కాళ్ళు ఎక్కడున్నాయి?" అన్నాడు. సందంతా చప్పట్లు.

అప్పుడు పెయ్-యున్, "అన్నా, నా పాత ఫ్రేములో పగులెంత ఉందో కూడా చూస్తారా?" అంది.

బాబాయ్ అడ్డంగా వచ్చాడు. "దాన్నెందుకు చూడటం? నేను చూశాగా!"

కో అప్పటికే యంత్రం ఆనించాడు. పెడళ్ళ దగ్గర జరిపాడు. మళ్ళీ జరిపాడు. మొత్తం జరిపాడు.

"పెద్దాయనా... ఇందులో ఏమీ లేదండి. పగులు లేదు. పొరలన్నీ బానే ఉన్నాయి."



"నీ యంత్రం పాడైంది," అన్నాడు బాబాయ్.

"ఇప్పుడేగా మీ ఫ్రేముకి బానే—"

"దానికి బానే ఉంది. దీనికి పాడైంది. బొద్దంటే బొద్దే! దాని మీద నాలుగు పొరలు చుట్టాల్సిందే!"

కో గౌరవంగా తల వంచాడు గానీ, పుచ్చకాయల తు మావయ్య వంచలేదు. ఇన్నాళ్ళ పగ!

"అయిపోయిందిరోయ్! ఫా చెవి బొద్దు!"

సందు మొత్తం పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే తు మావయ్య ఆ అట్టముక్క పీకేసి ఎదురొచ్చాడు. "రావయ్యా రా! ఎన్ని కాయలైనా కొట్టుకో! ఇక నీ మాట ఎవడు నమ్ముతాడు?" ఫ్రేములు తెచ్చేవాళ్ళు కూడా మారిపోయారు. బాబాయ్ "టింగు" అంటే తల ఊపి, బయటికెళ్ళి నా వైపు చూసి కళ్ళతో "నిజమేనా?" అని అడిగేవాళ్ళు. చెవే దేవుడనుకున్న మనిషి, అన్నీ విననట్టు ఊరుకునేవాడు. 

ఒక మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. పెయ్-యున్ పాత ఫ్రేము బల్ల మీద ఉంది. దాని మొలకి, పెడళ్ళ దగ్గర, బాబాయ్ నిజంగానే నల్ల గుడ్డ చుట్టి పెట్టాడు. నేను కంప్రెసర్ ఆపి, జేబులోంచి నాణెం తీసి, కట్టు పక్కనే గుడ్డ లేని చోట ఒక్క దెబ్బ కొట్టాను.

టింగు!

ఎంత టింగనుకున్నారు? గుడి గంట సిగ్గుపడాలి. ఇంకో చోట కొట్టాను. టింగు! ఇన్నేళ్ళు ఆయన పక్కన కూచుని నేనూ విన్నాను కదా. నాకు వినబడింది ఆయనకి వినబడకపోవడమా? సందు మొదట్లో లాన్ అక్క పాలు పొంగితే ఇక్కడ నుంచి కేకేసే మనిషి!

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు, "ఎందుకాపుతావు, నీ పని నువ్వు చేసుకో."

వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే బాబాయ్.  ఇంకోసారి కొట్టబోయాను.

"మెల్లిగా కొట్టవే తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "వీధిలోకి వినబడుద్ది."

"బాబాయ్! నువ్వు... నీ చెవి..."

"చెవి బానే ఉంది. అబద్ధమాడింది నోరు. చెవి ఆడదని చెప్పాగా."

"సందంతా నవ్వుతున్నారు!"

"నవ్వనీ. నవ్వితే ఒంటికి మంచిది. తు గాడు ఇరవయ్యేళ్ళుగా నవ్వలేదు, ఇప్పుడు చూడు ఎలా ఉన్నాడో."

"ఆ పిల్లకి రాణిగారిని ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చుగా?"

"ఇస్తే?" అని కళ్ళు పెద్దవి చేశాడు. "ట్యూబు ఇచ్చినందుకు నీకు ఎన్ని పాలు పోశారు? రాణిగారికి ఎన్ని పోయాలి? నేనూ మీ పిన్నీ పాలల్లో మునిగి చచ్చిపోమూ!"

నేను నవ్వుతుంటే, ఆయన ఆ నల్లగుడ్డ మీద ఇంకాస్త జిగురు రాసి, దీక్షగా, చక్కటి ఫ్రేముకి చక్కటి కట్టు కడుతూ కూచున్నాడు.

ఆ తర్వాత సంగతి చెప్పి ముగిస్తాను. పెయ్-యున్ జట్టుతో ఊళ్ళు తిరగడం మొదలెట్టింది. ఎక్కడికెళ్ళినా రాణిగారి మీదే. ఇంటికొచ్చినప్పుడల్లా ముందు కొట్టుకి వచ్చి, ఎక్కడా ఊగలేదని బాబాయికి నివేదించి, "నా ఫ్రేము అయిందా?" అని అడిగేది.

"జిగురు ఆరలేదే. వానలు కదా. తేమ."

వానలు వెలిశాయి. "చలికి గడ్డకట్టింది." చలికాలం పోయింది. "ఎండకి మెత్తబడింది."

మళ్ళీ శరదృతువు వచ్చింది. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది, తేమ అన్నది మందుకి కూడా లేదు. పెయ్-యున్ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. బాబాయ్ ఆ కట్టు మీద వేలు పెట్టి, మొహం వేలాడేసి, "ఇంకా కొంచెం అంటుకుంటోంది" అన్నాడు.

పెయ్-యున్ చెయ్యి చాపింది. అరచేతిని ఆ కట్టు మీద పూర్తిగా ఆనించింది. అది రాయిలా ఆరిపోయి ఎన్నాళ్ళయిందో రోజూ దుమ్ము తుడిచే నాకు తెలుసు. ఆ పిల్ల చెయ్యి తీసి, వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుని, బాబాయ్ వంక చూసింది.

"అవును బాబాయ్," అంది చాలా శ్రద్ధగా. "ఇంకా పచ్చిగానే ఉంది."